ఏడో పుస్తకంతో మొదలుపెట్టించిన అక్క

బావగారికి, ముందు వరుసలో ఉన్న పెద్దలకి, కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నవాళ్ళకి, అందరికీ నమస్కారం.

మన కళ్ళజోళ్ళ షాపు మేడ మీద ఈ గదిలో ఇంతమంది పడతారని నాకు ఇవాళే తెలిసింది. ఇంతమందిని ఒక్కచోటికి చేర్చిన మనిషి మాత్రం లేదు. పోయిన గురువారం మన పుస్తకాలక్క వెళ్ళిపోయింది.

నాకు మైకు అలవాటు లేదు. పాతికేళ్ళుగా కింద మిషను ముందు కూర్చుని అద్దాలు అరగదీస్తున్నాను. ఆ చప్పుడులో నా మాట ఎవరికీ వినపడదు, నాకూ అదే సుఖం. అయినా అక్క భర్త, మన బావగారు "నువ్వే మాట్లాడాలి" అన్నారు.

అక్క మన షాపులో కళ్ళు పరీక్షించేది. ఆమెకో పిచ్చి ఉండేది. పిచ్చి అన్న మాట నాది కాదు, ఆమెదే. ముప్ఫై ఒక్క పుస్తకాల నవ్వుల కథొకటి చదవడం, అందరిచేతా చదివించడం. ఎక్కడా లేని రాజ్యం. అందులో పన్నుల ఆఫీసులో గుమాస్తాగిరీ చేసే ఓ రాక్షసుడు, వాడికి చీకటంటే భయం. అలిగితే సగంలో ఆగిపోయి, బతిమాలితే గానీ పై అంతస్తు దాకా వెళ్ళని మెట్లు. తుమ్మినప్పుడల్లా మంత్రం గురితప్పి పక్కవాళ్ళ మీద పడే మంత్రగాడు. ముప్ఫై ఒక్క పుస్తకాలండీ! ఒకదాని మీద ఒకటి పేరిస్తే నా నడుము దాటతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలమ్మా అని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో జవాబు. బ్యాంకాయనకి రాక్షసుడి నాలుగోది. కొత్తగా పెళ్ళయిన జంటకి మెట్లు అలిగే పదకొండోది. ఎందుకలా అని అడిగితే నవ్వేది, అంతే.

లెక్కల మాస్టారూ, ఇప్పుడు మీ సంగతి చెబుతున్నాను, ఇంటికెళ్ళాక నా చెవి మెలిపెట్టండి. మాస్టారు రిటైరైన కొత్తలో దగ్గరి అక్షరాలు ఆనడం లేదని వచ్చారు. అక్క అక్షరాల అట్ట పక్కన పడేసి, ఆ కథలో ఒక పేజీ తెరిచి చేతిలో పెట్టింది. "పైకి చదవండి మాస్టారూ" అంది. ఆయన చదవరే! భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ముక్కు మీద ఆ బరువైన పరీక్ష ఫ్రేము ఊగుతోంది. అక్క కంగారుపడి "కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగితే, వేలెత్తి "ఆగమ్మా, ఈ పేజీ అవనీ" అన్నారు. పేజీ అయింది. తిప్పి రెండోది మొదలుపెట్టారు! బయట నలుగురు ఎదురుచూస్తున్నారు. మా యజమాని తొంగి చూసి "ఇది కళ్ళ షాపా, గ్రంథాలయమా?" అని గొణిగారు.

మాస్టారు నవ్వగా చూసిన శిష్యుడు ఈ గదిలో ఒక్కడైనా ఉన్నాడా? ఏడేళ్ళు ఆయన దగ్గర చదివాను, నేను చూళ్ళేదు. ఆ రోజు మిషను ఆపి మరీ చూశాను.

ఇక నా సంగతి.

నా భార్య చనిపోయిన ఏడాది అది. నా కూతురికి పన్నెండేళ్ళు. ఇంట్లో ఇద్దరమే. మా మధ్య గొడవ లేదు, కోపం లేదు, మాటే లేదు. మాట్లాడించే మనిషి పోయింది. తిన్నావా అంటే తిన్నాను. అంతే. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఎవరికీ చెప్పుకోలేదు. అక్క అడగనూ లేదు. ఒకరోజు ఏడో పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి "నీకు ఇదే సరైన మొదలు" అంది. అదే వారం కళ్ళజోడు మార్చుకోవడానికి వచ్చిన నా కూతురికి మొదటి మూడు పుస్తకాలూ ఇచ్చి పంపిందని నాకు తెలియదు.

పది రోజులకి తీరిక చేసుకుని తెరిచాను. ఇరవై పేజీలకే తల తిరిగింది. మేకని చూసి సేనాపతి బల్ల కింద దూరాడు. ఎందుకు? ఎంత చదివినా అంతుపట్టదు. వంటింట్లో విసుగొచ్చి పైకే అనేశాను: "వీడికి మేకంటే అంత భయమేంటసలు?"

లోపలి గదిలోంచి జవాబొచ్చింది.

"ఆ మేక ఆయన అత్తగారు నాన్నా! మూడో పుస్తకంలో మంత్రగాడు తుమ్మాడు కదా!"

ఎనిమిది నెలల తర్వాత! నేను పగలబడి నవ్వాను. అది గుమ్మం దాకా వచ్చింది. తర్వాత కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. మేక దగ్గర మొదలై ఎక్కడెక్కడికో వెళ్ళాం. పొయ్యి మీద కూర మాడి బొగ్గయింది. ఎవరికి పట్టింది?

మర్నాడు అక్కతో పోట్లాటకి దిగాను. మొదటిది ఉండగా నాకు ఏడోది ఎందుకిచ్చావని. అద్దం తుడుస్తూ, తల ఎత్తకుండానే అంది: "మొదటిదిస్తే అన్నీ నీకే అర్థమైపోతాయి. ఇంక నీ కూతుర్నేం అడుగుతావురా?"

నేను వెళ్ళి మిషను స్విచ్చు వేశాను. అరగదీయడానికి అద్దమేం లేదు. ఆ చప్పుడు అవసరమైంది.

ఈ మధ్య ఆసుపత్రిలో చేరినప్పుడు అక్కతో ఒక బట్టల సంచి, మూడు పుస్తకాల సంచులు వెళ్ళాయి. మోసింది బావగారు. ఒక్క పుస్తకమూ తెరవకుండా, ముప్ఫై ఏళ్ళు పక్కన కూర్చుని విని, మొత్తం కంఠతా పట్టిన బావగారు! అక్క చదవడం అది ఆరోసారి. తెలిసిన కథే కదమ్మా అని నర్సమ్మ అడిగితే "మొదటిసారి ఏమవుతుందోనని పరుగెత్తాను, సగం నవ్వులు దారిలో పారేసుకున్నాను. ఇప్పుడు ఏరుకుంటున్నా" అందట.

చివరి వారాల్లో చూపు నిలవలేదు. నా కూతురు సాయంత్రాలు వెళ్ళి చదివి వినిపించేది. వీళ్ళ నవ్వులకి నిద్ర పట్టడం లేదని పక్క మంచం ఆవిడ ఫిర్యాదు చేసింది. రెండో రోజు ఆవిడే "కాస్త గట్టిగా చదువమ్మా" అంది. పంతొమ్మిదో పుస్తకం సగంలో అక్క చెయ్యెత్తి "చాలు తల్లీ" అంది. నా కూతురికి ఏడుపొచ్చి "ఇంకా పన్నెండున్నాయి కదత్తా" అంది.

అక్క ఏమందో తెలుసా? "అన్నీ నాకు తెలిసినవేగా. తెలిసిన కథని మధ్యలో వదిలినా బెంగుండదే."

మనకి ఉంటుంది. ఉండనిద్దాం.

ఇప్పుడు అందరం లేచి ఒక్క నిమిషం మాటల్లేకుండా నిలబడదాం. ఆమెని తలుచుకుంటే ఎవరికైనా నవ్వు ఆగకపోతే ఆపుకోవద్దు, పక్కవాళ్ళకి కారణం తెలుసు. బావగారూ, నా చెయ్యి పట్టుకోండి.

లేవండి.