అంజిలయ్య నెమలి స్టాంపు

తాండూరు బస్టాండు ఎదురుంగ ప్రేమ్‌సాగర్ చాయ్ హోటల్. అంజిలయ్య వచ్చి కూసున్నడంటే మిగిలినోళ్ళు నోరు తెరిచేది ఒక్క చాయ్ తాగనీకె. నాపరాయి పాలిష్ పని మానేసినంక ఆయనకు పొద్దు పోతలేదు, అందుకే స్టాంపులు జమ చేసుడు పట్టుకున్నడు. ఆ పొద్దు పక్కింటి చెన్నయ్య గూడ అదే బల్ల మీద ఉన్నడు.

"మొదలు నాకూ ఏం తెల్వది," అని అందుకున్నడు అంజిలయ్య. "ఫోన్ల ఒక సారు చెప్పిండు, ఉత్తరమొచ్చిన లిఫాఫ మీది స్టాంపును గోరుతోని పీకొద్దు, గోరువెచ్చని నీళ్ళల్ల ఏస్తే అదే ఊడొస్తదని. ఏసిన, ఊడొచ్చింది. పేపర్ మీద బోర్ల ఆరబెట్టి, దొడ్డు పుస్తకం కింద పెట్టిన, గట్ల షురువైంది. ఆ తర్వాత ఏమైందో తెల్సా? వారం తిరగకముందే స్టాంపులు నానేయనీకె గిన్నెలు సాలలే. మా ఇంటామె భాగమ్మకు పప్పు వండనీకె గిన్నె లేదు."

"మరేం జేసినవ్ కాకా?" అన్నడు ప్రేమ్‌సాగర్, చాయ్ వడగడుతూ.

"ఏం జేస్త, అన్ని తీస్కపోయి కోట్‌పల్లి చెరువుల పోసిన. వానకాలమాయె, నీళ్ళు సల్లగున్నయి. కట్ట పొడుగూత పొయ్యిలు పెట్టిచ్చి చెర్వంత గోరువెచ్చగ చేపిచ్చిన."

"చేపలో?"

"అవి ఉడికినయి. పెద్దేముల్ ఊరు మొత్తం ఆ దినం పులుసే. ఇగ ఆరబెట్టాలె గద, జాగేది? అనంతగిరి ఎక్కి ఒక్కో ఆకు మీద ఒక్కో స్టాంపు పరిచిన. దేవుని దర్శనానికి వచ్చినోళ్ళు గుట్టకు రంగులేసిండ్రనుకున్నరు. వాటిల్ల ఒక నెమలి స్టాంపు, జర ఎండ తాకంగనె రెక్కలు దులిపి ఎగిరింది. నేనూకుంటనా? దానెంబడి పడ్డ. వికారాబాద్ స్టేషన్ల రైలు నడిపేటాయన నన్ను జూసి, కాకా ఎక్కుమని ఆపిండు. ఎక్కిన, గని రైలు ఎనకబడుతున్నది. దుంకి పట్టాలెంబడి ఉరికిన, రైలును దాటిన, తాండూరు ఒడ్డుకు నెమలి తోక దొరకబట్టిన. అది మామూలు స్టాంపు గాదు, లండన్ రాజు స్టాంపుల డబ్బాలకెళ్ళి వచ్చింది. ఇప్పుడు అక్కడి మ్యూజియమోళ్ళు ఫోన్ మీద ఫోను. ఇయ్య పో అన్న."

అందరు పడిపడి నవ్విండ్రు. ఏదీ చూపియ్యమన్నడు ప్రేమ్‌సాగర్. అంజిలయ్య తువ్వాలకు చేతులు తుడుచుకొని, జేబులకెళ్ళి చిన్న ప్లాస్టిక్ కవర్ తీసిండు. దాంట్ల నిజంగనే ఒక నెమలి స్టాంపు ఉంది. ప్రేమ్‌సాగర్ దాన్ని వెలుతురుకు పట్టి చూసిండు.

"లండన్ అంటివి, పోస్టు ముద్రల చించోళి అని ఉంది గద కాకా. తారీఖు గూడ రాఖీ పండుగ ముంగటిదే."

మళ్ళ నవ్వులు లేసినయి. చెన్నయ్య మాత్రం గ్లాసు కింద పెట్టిండు. ఆయన చెల్లె కొండమ్మది చించోళి. పొలం గట్టు కాడ మాటా మాటా పెరిగి అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకుంటలేరు. అయినా ఏటేటా పోస్టుల వచ్చే రాఖీ ఆగదనుకున్నడు చెన్నయ్య. ఈసారి రాలే. చెల్లె తనను వద్దనుకున్నదని మనసుల పెట్టుకొని, ఆయన గూడ ఫోన్ చెయ్యలే.

"లిఫాఫ మీద నా పేరుండెనా, అంజిలయ్యా?" అన్నడు మెల్లగ.

"అదేమైందో..." అని మొదలువెట్టి అంజిలయ్య ఆగిపోయిండు. ముఖం నల్లబడ్డది. తర్వాత అసలు సంగతి ముక్కలు ముక్కలుగ బయటికి వచ్చింది. చెన్నయ్య గొర్లెంబడి పోయి ఇంటికి తాళముంటె పోస్టాయన లిఫాఫను అంజిలయ్య చేతులవెట్టి పోయిండు. స్టాంపు మీది ఆశ ఆగలే. ఊడదీసి ఇద్దామని లిఫాఫకు లిఫాఫే నీళ్ళల్ల ముంచిండు. కాయితం చినిగింది, లోపలి రాఖీ దారం రంగు ఇడిచింది. ఏం ముఖం పెట్టుకొని ఇయ్యాలెనో తెల్వక, ఇంట్ల బట్టల కింద దాచిండు.

ఎవలు నవ్వలే. ప్రేమ్‌సాగర్ కడిగిన గ్లాసులనే మళ్ళ కడుగుతుండు.

"పండుగ నాడు పొద్దంత గడపల కూసున్న," అన్నడు చెన్నయ్య. తిట్టలే. ఫోన్ తీసి, నంబర్ కలిపి, అంజిలయ్య చేతుల పెట్టిండు. "మా చెల్లెకు నువ్వే చెప్పు."

అవుతల కొండమ్మ గొంతు వినబడ్డది.

"చెల్లె, నేను మీ అన్న పక్కింటి అంజిలయ్యను. నువ్వు పంపిన రాఖీ మీ అన్నకు అందలే. నేనే ఖరాబ్ జేసిన. ఆయన తప్పు లేదు."

అన్న ఆడనే ఉన్నడా అని అడిగింది కొండమ్మ. అంజిలయ్య ఫోన్ ఇచ్చేసిండు. చెన్నయ్య దాన్ని చెవికి పెట్టుకొని, లేచి రోడ్డు మీదికి పోయిండు.

రోజూ వచ్చే దేవప్ప అప్పుడే లోపలికొచ్చి, ఒక చాయ్ చెప్పి, అంజిలయ్య పక్కన కూసొని, ఇయ్యాల ఏం ముచ్చట నడుస్తున్నది కాకా అన్నడు.

"ఏం లేదు," అన్నడు అంజిలయ్య.