సీసాలోది ఎవరిది

ఏరా, రక్త పరీక్షలకి వచ్చే నెల వెళ్తావా? పోయిన నెల కూడా ఇదే మాటన్నావని మీ ఆవిడ చెప్తోంది. ఒంట్లో బాగానే ఉందా? ఉంటుందిలే, నలభై దాటాక అందరూ చెప్పేది అదే. మా పెద్దనాన్నా అదే చెప్పేవాడు. నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు గానీ గుర్తుండదు. సబ్బుల ఫ్యాక్టరీలో మేస్త్రీ. పెద్ద పెద్ద గంగాళాల్లో సబ్బు కుతకుత ఉడుకుతుంటే పక్కన నిలబడి అజమాయిషీ చేసేవాడు. మనిషి వీధి మలుపు తిరగకముందే సబ్బు వాసన ఇంట్లోకి వచ్చేసేది. ఎంత తిట్టినా అదేంటో, శుభ్రంగా తిట్టినట్టే ఉండేది. ఎవరికీ భయపడే రకం కాదు, ఒక్క డాక్టర్లకి తప్ప. ఆయన లెక్కలో రోగం ఒంట్లో ఉండదు, చీటీలో ఉంటుంది. వాళ్ళు రాయనంతవరకూ మనకేం లేనట్టే, రాశారా ఇక అన్నీ ఉన్నట్టే, అనేవాడు. నవ్వకు, నువ్వు చేస్తున్నదీ అదే.

సరే, ఫ్యాక్టరీలో కొత్తగా రూలు పెట్టారు. యాభై దాటినవాళ్ళందరూ సీసాలో మూత్రం తెచ్చివ్వాలి, షుగర్ ఉందేమో చూస్తారు. అప్పట్లో అదే పరీక్ష, ఇప్పట్లా వేలికి సూది గుచ్చి చూడటాలు లేవు. పెద్దనాన్న గుండెల్లో రాయి పడింది. వాళ్ళ నాన్న పోయింది ఆ జబ్బుతోనే. పైగా ఇంట్లో మా పెద్దమ్మ సంగతి తెలుసుగా... అదే, నీకెలా తెలుస్తుంది. తుమ్మితే వారం రోజులు పథ్యం పెట్టే మనిషి. ఇక షుగర్ అని తేలితే ఊరుకుంటుందా? అందుకని ఈయన సీసా పట్టుకుని నేరుగా వాళ్ళ బావ దగ్గరికి వెళ్ళాడు. అంటే మా మావయ్య, మా అత్తయ్య భర్త. స్కూల్లో డ్రిల్లు మేష్టారు. ముందు ఛాతీ వచ్చేది, ఆ వెనక మనిషి వచ్చేవాడు. మెడలో ఈల, కాళ్ళకి బూట్లు, భోజనానికి కూర్చున్నా తీసేవాడు కాదు. ఎవరి పొట్టైనా కాస్త ముందుకొస్తే చాలు, వేలితో పొడిచి చూసేవాడు. పెద్దనాన్న పొట్టని ఎన్నిసార్లు పొడిచాడో. ఈయన వెళ్ళి, బావా, నీ ఆరోగ్యం కాస్త అరువియ్యి అన్నాడు. మావయ్య ఉబ్బిపోయాడు. అరువేంటి బావా, ఉంచేసుకో, అని సీసా నిండా ఇచ్చి, బిరడా కూడా తనే బిగించాడట.

నాలుగు రోజులకి ఫ్యాక్టరీ డాక్టరు కబురు పెట్టాడు. అదీ ఈయనకి కాదు, పెద్దమ్మకి. షుగర్ మామూలుగా లేదమ్మా, పాకం పట్టొచ్చు అన్నాడట. ఆవిడ ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి వంటింట్లో పంచదార, బెల్లం డబ్బాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ పూట నుంచీ ఉడకబెట్టిన కూరలు, చప్పిడి చారు, పొద్దున్నే నడక. ఈయన ఎవరితో చెప్పుకుంటాడు? చేసింది దొంగపని. దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని నమిలాడు. ఇంకోపక్క ఆ సీసాలోది తనదేనని మావయ్యకి తెలుసు కదా. ఈయనే వెళ్ళి మెల్లగా చెప్పాడు, బావా, ఒకసారి నువ్వు చూపించుకో అని. మావయ్య ససేమిరా అన్నాడు. నా ఒంట్లో చక్కెరేంటి, నీ సీసా సరిగ్గా కడిగుండవు, అంతకుముందు అందులో ఏ పానకం పోశారో ఏమో, అన్నాడు. అని ఊరుకున్నాడా, ఈయన ఎదురుగా కూర్చుని స్వీట్లు తినేవాడు. ఒకందుకు మంచిదే, నీ పొట్ట తగ్గుతోంది బావా, అని మెచ్చుకునేవాడు కూడా.

నిజంగానే తగ్గిందిరా. ఆరు నెలలు తిరిగేసరికి పెద్దనాన్న కుర్రాడిలా అయ్యాడు, మెట్లెక్కినా ఆయాసం లేదు. మావయ్య చూస్తే చిక్కిపోతున్నాడు. కసరత్తు ఎక్కువైందనేవాడు. ఒక సెలవు రోజు మేమందరం వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం. అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది, నా భార్య కూడా ఉంది పక్కన. మా అత్తయ్య మామూలుగా చెప్పింది, మీ బావకి బూటులో మేకు దిగి నెలైంది అన్నయ్యా, గుచ్చుకున్నట్టే తెలియలేదట, ఎంత గట్టి మనిషో చూడు, పుండు మాత్రం మానట్లేదు అని. పెద్దనాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మావయ్య కళ్ళతోనే వద్దంటున్నాడు. ఈయన లేచి నిలబడి, చెల్లీ, ఆ సీసాలోది నాది కాదు, బావది, అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. నా భార్య, కొత్త కోడలు కదా, ఏ సీసా అండీ అని నన్నడిగింది. తర్వాత పెద్దనాన్నే మొత్తం చెప్పాడు. మా అత్తయ్య నవ్వలేదు, ఏడవలేదు. మొగుడి ముందున్న కంచం తీసేసి, బూటు విప్పండి అంది. విప్పాక పెద్దమ్మ ముక్కు మూసుకుంది. ఆడవాళ్ళిద్దరూ చెరొకర్నీ రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళారు, చేతులు కూడా కడుక్కోనివ్వలేదు.

కాలు దక్కింది, బొటనవేలు పోయింది. ఇంకో వారం ఆగితే మోకాలిదాకా తీయాల్సొచ్చేదట. మావయ్య మాత్రం పెద్దనాన్నతో మాట మానేశాడు. అందరి ముందూ పరువు తీశాడని. ఈయన రోజూ ఫ్యాక్టరీ నుంచి అటే వెళ్ళి, మంచం కాళ్ళ దగ్గర కూర్చుని కట్టు మార్చేవాడు. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు గోడకే చెప్పినట్టు చెప్పాడు, నువ్వు నోరు మూసుకుని ఉండాల్సింది, అని.

"మూసుకుంటే కాలు పోయేది బావా."

"పోతే పోయేది. పరువు ఉండేది."

"పరువుకి చెప్పులు తొడగలేంగా."

మంచం ఊగడం మొదలెట్టింది. ఏడుస్తున్నాడనుకుని పెద్దనాన్న కంగారుపడి వంగి చూశాడు. నవ్వుతున్నాడు మనిషి. కట్టు ఊడిపోయేదాకా నవ్వాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడురా మావయ్య. మందులు మానలేదు, నడక మానలేదు, కాలికి గీటు పడినా డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడు. ఎప్పుడైనా తీపి మీదకి మనసు పోతే పెద్దనాన్న, వద్దు బావా, నేను మాత్రం తింటున్నానా, నాకూ ఉందని ఆ రోజు ఆసుపత్రిలో చెప్పారుగా, అనేవాడు. ఇద్దరూ కలిసి ఆ చప్పిడి చారు తాగుతూ పెళ్ళాల్ని తిట్టుకునేవాళ్ళు. మావయ్య పోయాక కర్మకాండలన్నీ అయ్యాక పెద్దమ్మ చెప్పింది నాకు. ఆ రోజు ఆసుపత్రిలో పెద్దనాన్నకీ పరీక్ష చేశారుట. ఏమీ లేదుట ఆయనకి. నిక్షేపంలా ఉన్నావు, అన్నీ తిను పో, అన్నాడుట డాక్టరు. బావకి చెప్పొద్దని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడుట, ఒక్కడే అయితే వాడు పథ్యం చెయ్యడు అని.

ఊఁ...

ఆ కిటికీ కాస్త వేసెయ్యరా, గాలి ఎక్కువైంది.