శుక్రవారం దొంగ

టీవీ సీరియల్ రాసే మరిది గదికి, చెప్పా పెట్టకుండా, మిట్టమధ్యాహ్నం వదిన వచ్చింది. గదిలో ఉన్నవల్లా ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ నిండా అంటించిన కాగితాలు. కుర్చీ ఖాళీగానే ఉన్నా మరిది నిలబడే ఉన్నాడు. ఆ సీరియల్ మొదలైన దగ్గర్నుంచి కుదురుగా కూర్చునే అలవాటు అతనికి తప్పిపోయింది.

“పట్టుబడాలి. అంతే. ఈ శుక్రవారమే పట్టుబడాలి.”

“ఎవరు వదినా?”

“ఎవరేమిటి, నీ దొంగ. సీరియల్లో వాషింగ్ మెషీన్లు బాగుచేసే ఆ మహానుభావుడు.”

“ఓర్నీ! దానికోసమా ఇంత ఎండలో పడి వచ్చావు? ఫోన్ చేస్తే పోయేదిగా. ముందు కూర్చో. టీ చెప్పనా?”

“టీ వద్దు. ఫోన్లో అయితే ‘సరే వదినా, అలాగే వదినా’ అని పెట్టేస్తావు. మొహం చూసి అడగాలని వచ్చాను. రాస్తావా, రాయవా?”

“అలా ఎలా రాస్తాను? జనం వాణ్ణి నెత్తిన పెట్టుకుంటున్నారు. మామూలు మనిషి, రోజూ సంచీ పుచ్చుకుని పనికెళ్ళి వచ్చేవాడు, దొంగగా మారాడు. కథంతా అదేగా. వాడు దొరికిపోతే ఇంకేం మిగిలింది? ఛానల్ వాళ్ళు ఇంకో ఏడాది పొడిగించమంటున్నారు.”

“ఏడాదా! ఏడాది పాటు వాడి చేత దొంగతనాలు చేయిస్తావా?”

“నేను చేయించడమేమిటి వదినా. కథ.”

“ఆ దొంగ కూతురికి ఆపరేషన్ ఎప్పుడు చేయిస్తావు మరి? మొదటి వారం పడుకోబెట్టావు. పాపం, ఎదిగిపోయి కాళ్ళు మంచం దాటి బయటికొస్తున్నాయి.”

“అది ఛానల్ వాళ్ళ గోల. మంచివాడు దొంగతనం చేయాలంటే ఇంట్లో ఎవరో ఒకరు మంచాన పడాలట. నాకూ ఇష్టం లేదు.”

“మంచివాడు దొంగ కావడానికి జబ్బులేం అక్కర్లేదు. ఒక్క మాట చాలు.”

“ఏ మాట?”

“నువ్వే రాశావుగా. మెషీన్ కింద చిన్న తలుపు తీస్తాడు, ఫిల్టర్లో ఇరుక్కుపోయిన చెవికమ్మ కనిపిస్తుంది. కడిగి, తుడిచి, ఆ ఇల్లాలి చేతిలో పెడతాడు. ఆవిడ ‘రెండోది ఏది?’ అంటుంది.”

“ఆ! బాగా వచ్చింది కదా ఆ సీను? అందరూ మెచ్చుకున్నారు. ‘ఇలాంటి ఆలోచన మీకెలా తట్టిందండీ’ అని...”

“ఎలా తట్టింది?”

“ఆఁ? ఏముంది, ఊరికే... తట్టింది. పని వివరాలు అన్నయ్యని అడుగుతుంటానుగా. ఫిల్టర్ ఎక్కడుంటుంది, ఎలా విప్పుతారు, అలాంటివి. మిగతాది మనం అల్లుకోవడమే.”

“ఎవరికోసం అలా కిటికీలోంచి చూస్తావు మాటిమాటికీ?”

“ఎవరికోసమూ కాదు. ఉక్కగా ఉంది.”

“మీ అన్నయ్య నీ సీరియల్ ఎలా చూస్తారో తెలుసా?”

“తమ్ముడు రాసింది కదా, గర్వంగా చూస్తాడు.”

“గర్వమా, నా మొహమా! కూర్చోరు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తారు. రెప్ప వేయరు. అది అయిపోగానే లోపలికెళ్ళి చేతులు కడుక్కుంటారు. మోచేతుల దాకా, రుద్ది రుద్ది.”

“పనిలో గ్రీజు అంటుతుంది కదా.”

“శుక్రవారాలే అంటుతుందా?”

“ఒక్క నిమిషం వదినా, డైరెక్టర్ ఫోన్... ఆ, సార్. వస్తోంది సార్. సాయంత్రానికల్లా పంపిస్తాను. అబ్బే, అంతా రెడీయే సార్, ఒక్క సీనే మిగిలింది... అలాగే సార్, ఉంటాను.”

“ఏమిటి రెడీ?”

“ఏమీ లేదు. ఒక్క ముక్క కూడా రాయలేదు. ఊరికే అన్నాను.”

“మంచిదే అయింది. అయితే నేను చెప్పింది రాయి. పట్టుబడతాడు.”

“మళ్ళీ అదే మాట! నువ్వేదో దాస్తున్నావు వదినా. సీరియల్లో ఎవరేమైతే నీకెందుకు? ఇంట్లో ఏమన్నా గొడవా? అన్నయ్య బాగానే ఉన్నాడా?”

“నీకు చెప్పాలంటే భయం. రాసేస్తావు.”

“రాయను.”

“మా అమ్మ గురక రాయలేదూ? ఆవిడ ఇప్పటికీ నీ పేరెత్తితే మొహం తిప్పుకుంటుంది.”

“అదేదో సరదాకి... సరే, తప్పే. ఒట్టు, రాయను. చెప్పు.”

“నీ దొంగకి ఒక ఇంట్లో ఫిల్టర్లో తాళంచెవి దొరికింది చూడు. ఎవరో ప్యాంటు జేబులో మర్చిపోయింది. వాడు ఇవ్వకుండా ఉంచేసుకున్నాడు. దాన్నెక్కడ దాచాడు?”

“పాడైపోయిన మోటారులో. విప్పి, లోపల పెట్టి, మళ్ళీ బిగించేశాడు.”

“మా మంచం కింద పాత మోటారొకటి ఉంది. పారేయండి మహాప్రభో అంటే, పనికొస్తుందే అంటారు.”

“మెకానిక్ ఇంట్లో మోటార్లు కాక ఇంకేం ఉంటాయి?”

“ఆ ఎపిసోడ్ చూశాక, ఆయన ఇంట్లో లేనప్పుడు, ఊరికే, నవ్వుకుంటూ విప్పాను.”

“ఊఁ?”

“నవ్వుకుంటూనే విప్పాను.”

“ఏముంది వదినా లోపల?”

“తాళంచెవులు. ఒక చేతి గడియారం. ఎవరిదో వెండి పెన్ను. ఒక కమ్మ, ఒంటిది. అన్నీ మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టారు. ఒక్కటీ అమ్మలేదు. వాటితో ఏం చేసుకుందామనో ఆయనకే తెలియాలి.”

“అన్నయ్యా? మా అన్నయ్యా? బస్సులో గొడుగు దొరికితే ఆ చివర స్టాపు దాకా వెళ్ళి ఇచ్చొచ్చిన మనిషి వదినా వాడు!”

“అదే నేనూ అంటున్నది! అలాంటి మనిషి. నీ సీరియల్ చూసి పాడైపోయారు. నువ్వు రాయడం, ఆయన చూడటం, వెళ్ళి చేయడం. వాడు ఏం చేస్తే ఈయనా అదే. వాడు ఎప్పటికీ దొరకడు కదా, ఈయనకి ధైర్యం. అందుకని వాడు దొరకాలి. ఊరికే దొరకడం కాదు, తనంతట తనే వెళ్ళి చెప్పేసుకోవాలి. అది చూస్తే ఈయనా వెళ్తారు. నా మాట వినకపోయినా వాడి మాట వింటారు.”

“నువ్వు అడిగావా అన్నయ్యని?”

“ఏమని అడగను? పొద్దున్నే పక్కన కూర్చుని, నా గ్లాసులో టీ చల్లారిందేమోనని మూత పెట్టే మనిషి. ‘మీరు దొంగా’ అని అడగనా? నోరు రాలేదు. అడిగితే ఇక నిజమైపోతుంది.”

“వదినా... అవి ఎప్పట్నుంచి ఉన్నాయి అందులో?”

“చెప్పాగా, సీరియల్ వచ్చాకే చూశాను.”

“నువ్వు చూసింది కాదు. అవి ఎప్పట్నుంచి ఉన్నాయి?”

“నాకేం తెలుసు! ఏమిటి అలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతావు? ఒకచోట కూర్చో. నాకు కళ్ళు తిరుగుతున్నాయి నిన్ను చూస్తే.”

“కూర్చున్నాను. చెప్పు.”

“పోయిన వారం సీరియల్లో వాడు దూరిన ఇంట్లో ముసలాయన నిద్రలేచాడు. వాడు ఆయన్ని తోసుకుని పారిపోయాడు. అది చూసి మీ అన్నయ్య అన్నం ముట్టలేదు. ఈయన కూడా అలాగే వెళ్తారు, ఎవరో ఒకరు లేస్తారు. వాళ్ళకి ఏదో అవుతుంది, లేకపోతే అందరూ కలిసి ఈయన్నే కొట్టి చంపేస్తారు. నాకు జైలంటే భయం లేదు. జైలుకెళ్తే తిరిగొస్తారు. చచ్చిపోతే ఎలా రా?”

“ఏడవకు వదినా.”

“ఏడవట్లేదు. రాయి. నేను చెప్తాను. వాడి పెళ్ళాం చేత చెప్పించు. ‘మీరు చేస్తున్నదేమిటో నాకు తెలుసు. తెలిసే అన్నం పెడుతున్నాను. వెళ్ళి చెప్పేసి రండి, ఎన్నాళ్ళైనా నేను ఇక్కడే ఉంటాను’ అని. రాసుకో. ఏం, రాయవేం?”

“రాసినా ఉపయోగం లేదు.”

“ఎందుకుండదు? నీ కాళ్ళు పట్టుకోమంటావా?”

“అయ్యయ్యో, ఏం మాటలవి! లే వదినా, దండం పెడతాను, లేచి కూర్చో... ఆ సీరియల్ నాది కాదు.”

“నీది కాకపోవడమేమిటి? ముందు నీ పేరే పడుతుందిగా, ఇంత లావు అక్షరాలతో!”

“రాసేది నేనే. కథ నాది కాదు. ప్రతి ఆదివారం అన్నయ్య ఇక్కడికి వస్తాడు కదా...”

“ఆ, పని వివరాలు చెప్పడానికి.”

“వివరాలు కాదు. కథే. మొదటి రోజు నుంచీ. కమ్మ, తాళంచెవి, మోటారు, ముసలాయన, అంతా వాడు చెప్పిందే. ఆ కుర్చీలోనే, నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, ‘ఒకడున్నాడనుకోరా’ అని మొదలుపెడతాడు. నాకు సొంతంగా ఒక్క ముక్క తట్టి ఏళ్ళయింది వదినా. చెప్పిందల్లా రాసేసుకున్నాను. బయటికి చెప్పుకోవడానికి సిగ్గేసింది. అవార్డిస్తే స్టేజీ ఎక్కి తీసుకున్నాను కూడా.”

“అంటే... ఆయన నీ సీరియల్ చూసి చేయట్లేదు.”

“చేసి చెప్తున్నాడు.”

“నాకు చెప్పుకోలేక నీకు చెప్పుకున్నారు.”

“ఊఁ.”

“ఇన్నాళ్ళూ! నీకు ఒక్కసారైనా అనుమానం రాలేదురా?”

“ముసలాయన కింద పడ్డ సంగతి చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పాత్రలో ఎంత లీనమైపోయాడో అనుకున్నాను. ‘ఇంతకీ ఆయన బతికాడా అన్నయ్యా’ అంటే, ‘తెలీదురా, వాడు వెనక్కి తిరిగి చూడలేదు’ అన్నాడు. భలే డైలాగని, మర్చిపోతానేమోనని, అప్పటికప్పుడు రాసేసుకున్నాను.”

“ఛీ.”

“అనుకో. ఏమన్నా అనుకో.”

“పోయిన ఆదివారం ఏం చెప్పారు?”

“ఎవరు?”

“నీళ్ళు నమలకు. మీ అన్నయ్య. ఈ శుక్రవారానికి ఏం చెప్పారు?”

“ముగించేద్దాంరా అన్నాడు.”

“ముగించేద్దామనా?”

“వాడు బాగా అలసిపోయాడు, ఇక వాడి వల్ల కాదు అన్నాడు. పొద్దున్నే లేస్తాడట. స్నానం చేసి, ముందు పెళ్ళానికి అంతా చెప్పి, తిన్నగా పోలీస్ స్టేషన్‌కి నడిచి వెళ్తాడట.”

“పెళ్ళానికి చెప్పి వెళ్తాడా?”

“ముందు పెళ్ళానికే అన్నాడు.”

“అమ్మయ్య! నా తండ్రే... అయితే ఆయనే అనుకున్నారు! నువ్వు రాయక్కర్లేదు, నేను అడగక్కర్లేదు. వట్టి పిచ్చిదాన్నిరా, నిన్ను పట్టుకుని ఎన్ని మాటలన్నాను. మరి ఆదివారం అనుకున్న మనిషి ఇంకా నోరు విప్పరేం? ఇవాళ ఆయనకి సెలవు కూడాను. చెప్పకపోగా సంచీ పుచ్చుకుని బయల్దేరారు. ఎక్కడికండీ అంటే, ఒక్క పని మిగిలిపోయింది, చూసుకుని సాయంత్రానికి తమ్ముడి దగ్గరికి వెళ్ళొస్తాను అన్నారు.”

“నేను ఒప్పుకోలేదు వదినా.”

“దేనికి?”

“ముగించడానికి.”

“నువ్వెవడివి ఒప్పుకోవడానికి?”

“కథనుకున్నాను! కథే అనుకున్నాను వదినా! ఛానల్ వాళ్ళు పొడిగిస్తామంటున్నారు, ఇప్పుడు ఆపేస్తే నా బతుకు రోడ్డున పడుతుంది అన్నయ్యా, అన్నాను. ఇంకొక్క ఇల్లు చెప్పు, ఈసారి పెద్దది, ఇంట్లో మనుషులు మెలకువగా ఉండగా వెళ్ళేది చెప్పు అని గడ్డం పట్టుకుని బతిమాలాను. వెళ్ళేటప్పుడు, చిన్నప్పుడు చేసినట్టు, నా తల నిమిరి, ‘సరేలేరా, నీకోసం ఇంకొక్కటి’ అన్నాడు.”