ఏడో తూటా

తిమ్మక్కని వడ్డోళ్ల ఆడమనిషి ఒకామె ఉన్నింది. మొగుడు ఓబన్న బావులు తవ్వేవాడు. బండ అడ్డమొస్తే బెజ్జాలు వేసి, తూటాలు పెట్టి, వత్తులు అంటించి, తాడు పట్టుకుని పైకి వచ్చేసేవాడంట. ఆ చప్పుళ్లకు ఆయప్ప చెవులు ఎప్పుడో పోయినాయి అనుకో. అందుకని పేలినవి లెక్కబెట్టేది తిమ్మక్క. ఎన్ని తూటాలు పెడితే అన్ని గులకరాళ్లు ఒళ్లో వేసుకునేది, ఒకటి పేలితే ఒక రాయి అవతల పారేసేది. ఒడి ఖాళీ అయితేనే ఓబన్న దిగాల. ఒక్క రాయి మిగిలినా ఆ పొద్దుకు బావి జోలికి పోకూడదు. అదీ వాళ్ల కట్టుబాటు.

ఒకరోజు ఏమైందంటే, ఓబన్న ఏడు తూటాలు పెట్టి, వత్తులు అంటించి, పైకొచ్చి బండ చాటున కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే గాజులమ్మే చెన్నప్ప మలారం, అదే గాజుల మూట, మోసుకుంటా వచ్చినాడు. "అక్కా, పచ్చగాజులు తెచ్చినా, చెయ్యి ఇట్లా ఇయ్యి" అన్నాడంట. "పోరా, రాళ్లు మోసే చేతులకు గాజులు నిలుస్తాయా?" అనింది గానీ, చెయ్యి మాత్రం చాపింది. చూడండి, నోరు వద్దంటాది, చెయ్యి పోతాది! చెయ్యి వాడి చేతిలో ఉంటే రాళ్లు ఎవరు పారేయాల? ఏడే కదా, నోట్లోనే లెక్కబెడతాలే అనుకునింది. బావి ధన్ మంటే ఈమె "మూడు" అంటాది, గాజు ఎక్కించి వాడు "నాలుగు" అంటాడు, మళ్లీ ధన్, ఈమె "నాలుగు"; మళ్లీ గాజు, వాడు "ఐదు". పచ్చరంగు మీద కన్ను, నొప్పి మీద మనసు. చప్పుళ్లు ఆగినాయి. ఓబన్న లేచి "ఎన్నే?" అన్నాడు. తిమ్మక్క ఏడు వేళ్లు చూపించింది. ఆయప్ప తాడు పట్టుకుని దిగినాడు.

చెన్నప్ప తన దారిన పోయినాడు. ఈమె లేచి చెయ్యి ఎండకు పట్టి చూసుకుంటా ఉంటే, ఒళ్లోంచి రాళ్లు జలజలా రాలినాయంట. ఏడుకు ఏడూ! ఏడు అనిన గొంతు చెవిలో తిరిగింది. ఆ ఏడు అనింది బావి కాదు, చెన్నప్ప! "ఓయ్, రా పైకి!" అని అరిచింది. చెవుల్లేని మనిషికి అరిస్తే ఏం లాభం? తాడు పట్టుకుని పిచ్చిదాని మాదిరి ఊపింది. సగం దిగినోడు తలెత్తి, "ఏమే, పడెయ్యాలనా?" అని తిట్టినాడు. ఈమె ఆరు వేళ్లు చూపించింది. అంతే, ఓబన్నకు అర్థమైపోయింది. పైకి పాకినాడు, ఈమె జబ్బ పట్టి లాగింది. ఒక కాలు ఇంకా బావిలోనే ఉంది, ధన్! రాయి ఎగిరొచ్చి తగిలి మడమ నుజ్జయింది.

మడమకు గుడ్డ కట్టి, తిమ్మక్క రెండు చేతులూ బండకేసి కొట్టుకునింది. గాజులన్నీ ముక్కలు. పరిగెత్తుకొచ్చిన ఆడోళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, "మొగుడు బతికుండంగా ఇదేం పనే!" అని. "బతికుండాడు కాబట్టే నేను పగలగొట్టుకున్నా. లేకుంటే మీరొచ్చి పగలగొట్టుందురు" అనిందంట.

ఓబన్న చచ్చేదాకా కుంటినాడు. మనసు ఒకటే గంప, నాయనా. రెండు లెక్కలు పోస్తే మొదటిది ఒలికిపోతాది. సరేగానీ, ఓ గోడకానుకున్న మామా, ఇందాకటి నుంచి బీడీ కట్ట వెతుకుతాండావే, గాజులు ఏ రంగో చెప్పు చూద్దాం?