రికార్డుకు బొట్టు

తిరుపతిలో పద్మనాభ్ పొద్దున్నుంచీ కొత్త రికార్డు ప్లేయరు ముందర గొంతుక్కూర్చోనుండాడు. పెళ్ళాం వకుళ కాఫీ తెస్తే విసుక్కున్నాడు.

“ఫోన్లో అయితే వేలు పెడితే పాట వస్తాది. దీనికి మూత తియ్యాల, రికార్డు పెట్టాల, ముల్లు దించాల. అంతా చేసినా పాట ముందుకు పోదే!”

“ఫోన్లో వినేది పాటే కాదని మా అన్నతో అంటిరి కదా? వినిపోదామనే చిత్తూరు నుంచి వస్తాండాడు.”

“అదే నా భయం! ముల్లు ఒక్కచోటే ఎగురుతాండాది. వకుళా, రికార్డు మీద ఎర్రగా ఇదేంది?”

“కుంకుమ. కొత్త వస్తువును పూజ చేయకుండా వాడతారా యాడన్నా?”

“పెట్టెకు పెట్టాల గానీ, పాట ఉండే చోట పెడతారా?”

“పెట్టెకూ పెట్టినాను. ఊడకుండా కింద గంధం గూడా పూసినాను.”

“గుడ్డియ్యి, తుడిచేస్తా.”

“శుక్రవారం పూట, నా ఇంట్లో, బొట్టు తుడుస్తారా? చెయ్యి పెట్టి చూడండి!”

“సరే తల్లీ, రెండో పక్కకు తిప్పుకుంటా.”

“ఆ పక్కా పెట్టినా. ఒక పక్క పెట్టి ఇంకో పక్క వదిలేస్తే బాగుంటాదా?”

అంతలో బావ ఫోను చేసినాడు. బస్సు పూతలపట్టు దాటిందంట. బొట్టు చెరక్కుండా పాట వినే దారి ఏదన్నా మీకు తెలిస్తే రవంత చెప్పండి సామీ, పద్మనాభ్ మీ కాళ్ళు పట్టుకుంటాడు.