రఫ్‌హా గుడారంలో ఒక మాట కోసం నిలబడిన మస్తాన్ వలీ గారు

1990 అక్టోబరు 14, ఆదివారం ఉదయం శ్రీ షేక్ మస్తాన్ వలీ గారు రియాద్‌లోని మా ఐరోపా దౌత్య కార్యాలయంలో డ్రైవరుగా చేరారు. కువైట్ ఆక్రమణ జరిగి అప్పటికి పది వారాలు. విదేశీయులు తిరుగు విమానాల కోసం బారులు తీరుతున్న ఆ రోజుల్లో, అందరూ విడిచిపోతున్న నగరానికి వారు పని వెతుక్కుంటూ వచ్చారు. ఇరవై ఎనిమిదేళ్లకు పైబడిన సేవానంతరం, స్థానిక వ్యవహారాల సలహాదారుగా పదవీ విరమణ చేస్తున్న వారిని గురించి రాసే అవకాశం, తొలినాటి నుంచి పక్క గదిలో టైపిస్టుగా ఉన్న నాకు దక్కడం అదృష్టం. ఈ అభినందన సంచికలో కొన్ని తెలుగు పుటలైనా ఉండాలని పట్టుబట్టిన వారి శ్రీమతి మేరాజ్ బేగం గారికి కృతజ్ఞతలు.

కడప జిల్లా ప్రొద్దుటూరులో జన్మించిన వలీ గారు అంతకుముందు ఆరేళ్లు బస్రాలో ఒక వంతెనల కంపెనీ లారీ నడిపారు. కూలీలతో, టీ కొట్లవాళ్లతో మాట్లాడి దక్షిణ ఇరాక్ అరబ్బీ పట్టుబడింది. డ్రైవరు ఉద్యోగానికి అది అవసరం లేదు గనుక దరఖాస్తులో రాయలేదు. 1991 జనవరిలో క్షిపణి దాడుల సైరన్లు మోగినప్పుడల్లా సిబ్బంది కుటుంబాలను నేలమాళిగలకు చేర్చింది వారే. విషవాయువుల మాస్కు పెట్టుకుంటే దారి కనబడటం లేదని దాన్ని మెడకు వేలాడదీసుకొని కారు నడిపేవారు.

యుద్ధం ముగిసింది. దక్షిణ ఇరాక్‌లో తిరుగుబాటు అణచివేతకు గురై, వేలాదిమంది సరిహద్దు దాటి సౌదీలోని రఫ్‌హా వద్ద ఎడారి శిబిరానికి చేరారు. కొన్ని ఐరోపా దేశాలు అక్కడి నుంచి కుటుంబాలను తీసుకోసాగాయి. ప్రాణభయంతో వచ్చినవారికి ఆశ్రయం ఇవ్వాలి, హత్య చేసినవారికి ఇవ్వకూడదు అన్నది మా కార్యాలయం పాటించిన విధానం. రాజధానులలో ఎంతో చర్చించి రూపొందించిన ఆ విధానం, చివరికి ఒక గుడారంలో ఒక అనువాదకుడు చెప్పే మాట మీద ఆధారపడి ఉండేది.

1992 నవంబరులో ఒక ఉదయం, ఎంపిక అధికారి శ్రీ హెండ్రిక్ గారి ఎదుట కరీమ్ అనే ఖర్జూరపు రైతు కూర్చున్నాడు. వెలుపల అతని తల్లి, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. అనువాదకులు ఉత్తర ఆఫ్రికాకు చెందిన ఒక పండితులవారు. నేను టైపు మిషను ముందున్నాను. తిరుగుబాటులో ఒక సైనికాధికారి దగ్గర తుపాకీ లాక్కున్నాక ఏం చేశావని అడిగితే, కరీమ్ "దబ్బేతా" అన్నాడు, ఒక ఏటి పేరు కూడా చెప్పాడు. ఏటి దగ్గర అతన్ని గొంతు కోసి చంపానంటున్నాడని అనువాదకులు చెప్పారు. హెండ్రిక్ గారి కలం ఆగిపోయింది.

నీళ్ల సీసాల పెట్టె దించుతున్న వలీ గారు నా పక్కకు వచ్చారు.

"రాజన్నా, తప్పు. ఆయప్ప సంపినా అన్లేదు. పారేసినా అంటాండాడు. తుపాకి ఏట్లో పారేసినాడంట."

"ఊరుకోండి వలీ గారూ. డ్రైవర్లు నోరెత్తకూడదని రూలు. ఉద్యోగం పోద్ది, ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కూడా పోద్ది."

"పోతే పోనీన్నా. నువ్వు మాత్రం ఆ మాట టైపు కొట్టొద్దు."

నా చేతులు ఆగాయి. అది నా ధైర్యం కాదు, ఆ ముఖం చూసి ఆగాయి. వలీ గారు అధికారి వైపు తిరిగి, వచ్చీరాని ఇంగ్లీషులో, తాను బస్రాలో ఆరేళ్లు ఉన్నానని, అక్కడ ఆ మాటకు విసిరేయడమని అర్థమని, దయచేసి మళ్లీ అడగమని ప్రాధేయపడ్డారు. అనువాదకులు అవమానంగా భావించారు. హెండ్రిక్ గారు వలీ గారిని బయటకు పొమ్మన్నారు. ఏం జరుగుతోందో అర్థంకాని కరీమ్ మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ ఉండిపోయాడు.

వలీ గారికి హెచ్చరిక పత్రం వచ్చింది, శిబిరం విధుల నుంచి తొలగించారు. కాని హెండ్రిక్ గారి మనసు ఊరుకోలేదు. మూడు రోజుల తరువాత, శిబిరంలోనే ఉన్న బస్రా బడిపంతులు ఒకరిని పిలిపించి మళ్లీ అడిగించారు. కరీమ్ లేచి నిలబడి, చేయి వెనక్కి చాపి, తుపాకీని ఎలా విసిరాడో చేసి చూపించాడు. వసంతకాలంలో ఆ కుటుంబం ఐరోపాకు వెళ్లింది. ఆ పండితులు స్వయంగా కారు దగ్గరకు వచ్చి, తమ దేశంలో ఆ మాటే లేదని, గొంతు కోశాననే 'దబహ్తా'లా వినబడిందని చెప్పి, వలీ గారి చేయి పట్టుకున్నారు.

నేను అభినందిస్తే మాత్రం వలీ గారు సంతోషించలేదు. "అంతకుముందు ఎన్ని ఫైళ్లు ఇట్ల పోయినాయో, అది సెప్పన్నా" అన్నారు. నాలుగు నెలలు వెంటపడి పదకొండు ఫైళ్లు మళ్లీ విచారింపజేశారు. రెండింటిలో తప్పు తేలింది. ఆ ఇద్దరిలో ఒకరు అప్పటికే ఆశ వదులుకొని ఇరాక్ తిరిగి వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు. అభినందన సంచికలో ఈ విషయం తగదని కొందరు మిత్రులు అన్నారు. వలీ గారు అనలేదు, అందుకే రాశాను.

1994లో వారు సహాయ అనువాదకులయ్యారు. 2003 ఇరాక్ యుద్ధం వేళ ఐరోపా దేశాలు తమలో తాము విభేదించుకోగా, మా కార్యాలయంలోనూ ఎడమొగం పెడమొగంగా ఉన్న అధికారులు వారి గదిలో మాత్రం కలిసి టీ తాగేవారు. ఒకే వాక్యాన్ని మూడుసార్లు అడిగించే వారి పద్ధతిపై కొత్త అనువాదకులు విసుక్కునేవారు. నేనూ విసుక్కున్నాను.

యెమెన్ యుద్ధకాలంలో మా బృందం సౌదీ దక్షిణ సరిహద్దు వైపున్న ఖమీస్ ముషైత్ వెళ్లినప్పుడు, క్షిపణి శబ్దాలకు బెదిరిపోయిన కరీంనగర్ మేస్త్రీ మొండయ్య వలీ గారిని నిలదీశాడు.

"అన్నా, గీ యూరోపోళ్లు అచ్చిండ్రు గద, లడాయి బందైతదా?"

"వాళ్లతో అయ్యే పని కాదబ్బా. ఎవురికేం జరిగిందో రాసుకుంటారు. నువ్వు సెప్పు, ఒక్క మాట పోకుండా వాళ్లకు సెప్తా."

మొండయ్య గంటసేపు మాట్లాడాడు. వలీ గారు నిలబడే విన్నారు.

ఈ 2019 జూన్ 30న విధులు ముగించి, వారు ప్రొద్దుటూరులో కుమార్తె అఫ్షాన్ ఇంటికి సమీపంలో స్థిరపడనున్నారు. ఆ పుణ్యదంపతులు సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని సహోద్యోగులందరి పక్షాన ప్రార్థిస్తున్నాను. ఇకపై వారి చెవిన పడేవన్నీ కూరలో ఉప్పు చాలిందా, మనవరాలు నిద్రలేచిందా అనే మామూలు మాటలే కావాలని, వాటిని వారు సగం విని సగం వినకపోయినా ఎవరికీ ఏ నష్టమూ జరగని రోజులు వారికి చాలా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

కె. అమ్మిరాజు,
కార్యాలయ సహాయకుడు, రియాద్