పేరు పక్కన కామా

ప్రొద్దుటూరులో ఒక కుట్టు అంగడి ముందు పెయింటర్ లాల్ బాషా నిచ్చెన మీద ఉన్నాడు. కింద కౌసర్, నెల కిందట కువైట్ నుంచి వచ్చిన ఆమె భర్త ఖలీల్, తలలెత్తి కొత్త బోర్డు చూస్తున్నారు.

“లాల్ బాషా, ఆ మూడు మాటల మీదా ఏందప్పా ఆ కామాలు? ఈగలు వాలినాయేమో అనుకున్నా.”

“ఇంగ్లీషులో యస్ వచ్చిన కాడంతా పైన కామా పెడతా వదినా. ఖలీల్స్‌కు ఒకటి, లేడీస్‌కు ఒకటి, టైలర్స్‌కు ఒకటి. అందంగా ఉంటాది.”

“శానా పెద్ద చెయ్యి నీది. పక్కంగడి బోర్డుకు ఏమన్నా మిగిల్చినావా?”

“పోనీలే కౌసర్, ఉండనీ.”

“ఎట్లుండనిస్తారు? లేడీస్ అంటే శానామంది ఆడోళ్ళు, టైలర్స్ అంటే శానామంది దర్జీలు, అంతే. ఆటికి కామా అక్కర్లేదు. సొత్తు ఎవురిదో వాళ్ళ పేరుకూ యస్‌కూ నడుమనే పెట్టాల.”

“ఎనిమిదేండ్లు కువైట్‌లో ఉండొచ్చింది నేను. ఇంగ్లీషు నువ్వు చెప్తాండావు.”

“మన సుమయ్య గట్టిగా పాఠాలు చదువుతాంటే మిషన్ తొక్కుతా ఇన్నాలే. మన బిడ్డ పదో తరగతి ఎప్పుడు చదివిందో నీకు తెలుసు కదా?”

“సరే, సరే. లాల్ బాషా, ఆ రెండూ తుడిచెయ్. నా పేరు కాడిది ఉంచు.”

“ఉంచాల్సిందే. ఎనిమిదేండ్లు జాకెట్లు కుట్టి కుట్టి నీ నడుము పడిపోయింది పాపం.”

“ఎగతాళి చేస్తాండావా?”

“ఎగతాళి కాదు, కడుపు మంట. మా అమ్మ పెట్టిన గాజులమ్మి మిషన్ కొన్నా. గిరాకీ నేను తెచ్చుకున్నా. బోర్డు రాసే పొద్దుకు నువ్వు దిగినావు.”

“ఆడోళ్ళ పేరు బజార్లో రాస్తారా యాడన్నా? మొగోని పేరుంటేనే అంగడికి మర్యాద. లాల్ బాషా, నువ్వు చెప్పు.”

“నేను పెయింటర్ని అన్నా. నాకెందుకు?”

“మర్యాద నీ పేరుకు, చాకిరీ నా చేతులకు. బాగుండాది. రేపటి నుంచి జాకెట్ల కొలతలు గూడా నువ్వే తీసుకో. ఆడోళ్ళు వరసగా నిలబడతారు.”

“ఊరికే మాటలు పెంచొద్దు. ఈ బజార్లో ఖలీల్ అంటే తెలీనోడు ఎవుడుండాడు?”

“అన్నా, నీ ఫోను మోగుతాంది.”

“హలో. ఆ, ఖలీల్‌నే. అద్దాల బీరువా తెచ్చినావా? యాడుండావప్పా?... సందు మొదట్లోనా? ఎవురినడిగినా చెప్తారు కదా... టీ అంగడాయన్ను అడిగినావా? ఖలీల్ ఎవురన్నాడా?... మందుల షాపాయన గూడానా?”

“ఏమంటాండాడు?”

“నువ్వుండు కౌసర్... హలో, అప్పా, ఆడనే నిలబడు. కౌసర్ అంగడి యాడ అని అడుగు. చిన్నపిల్లోళ్ళు గూడా తెచ్చి విడుస్తారు.”